ఆర్కెస్ట్రాకు కుర్చీలు వేసిన పదహారేళ్ళు

స్టేజి పనికి కొత్తగా వచ్చే ప్రతివాడూ మొదటి రోజే అడుగుతాడు, సంగీతం రావాలా అని. రానక్కర్లేదు. నాకు ఇప్పటికీ రాదు. కానీ ఎవరు కట్టిన సంగీతమో తెలియాలి. బాఖ్‌దా, హైడన్‌దా, మాహ్లర్‌దా అన్నది తెలియకుండా ఈ పనిలోకి దిగితే పొద్దున్నే ఎన్ని కుర్చీలు దింపాలో కూడా తెలియదు.

నా పేరు గంగారాం. మాది మెట్‌పల్లి దగ్గర పల్లెటూరు. దోహాలోని ఒక ఆర్కెస్ట్రాలో పదహారేళ్ళు స్టేజి పని చేసి మొన్న మార్చిలో ఆపేశాను. వచ్చే నెల ఇంటికి టికెట్టు ఉంది. అల్ ముంతజాలో నా గదిలో సామాన్లు కట్టుకుంటూ మధ్యమధ్యలో ఇది రాస్తున్నాను. నా తర్వాత ఈ పనికి వచ్చేవాళ్ళలో మనవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరూ చెప్పేవాళ్ళు లేక నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. అవి వాళ్ళకు పనికొస్తాయి.

నేను ఖతర్ వచ్చింది వడ్రంగిగా. ఒక కంపెనీ నన్ను కాంక్రీటు సెంట్రింగు పనిలో పెట్టింది. ఒకసారి ఒక హాల్లో చెక్క దిమ్మెలు చేయాలని పంపారు. వెనక వరసల్లో వాయించేవాళ్ళు ముందు వాళ్ళ తలల మీదుగా కనిపించడానికి ఎత్తుగా వేసే దిమ్మెలు అవి. పని అయిపోయిన రోజు అక్కడి స్టేజి మేనేజరు రమోన్ వచ్చి వాటి మీద గెంతి చూశాడు. ఆయనది మనీలా. దిమ్మెలు కిర్రుమనకపోయేసరికి, ఎవరు చేశారని అడిగాడు. రెండు నెలల తర్వాత మనుషులను సరఫరా చేసే మరో కంపెనీ ద్వారా నన్ను తన దగ్గరకు తెప్పించుకున్నాడు.

ఊరికి ఫోన్ చేసి కొత్త పని గురించి చెప్పాను. మా మామకు అర్థం చేయించడానికి పావుగంట పట్టింది. చివరికి ఆయన, "అంటే దుబాయ్‌కి పోయి టెంటు హౌజు పని జేస్తున్నవా అల్లుడా?" అన్నాడు. మా ఊళ్ళో గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. టెంటు హౌజు మాత్రం నిజమే, ఔననేశాను.

ఎవరికి ఎన్ని కుర్చీలు

రమోన్ పని నేర్పాడు. పని వెనక ఉన్న కథ నేర్పింది ఇల్డికో. ఆమె ఆర్కెస్ట్రా లైబ్రేరియన్, హంగరీ మనిషి. ఎవరు ఏం వాయించాలో రాసిన కాగితాలన్నీ ఆమె దగ్గరే ఉండేవి. ప్రతి కచేరీకి ముందు ఏ వాయిద్యాలు ఎన్నో రాసి మాకు ఒక చీటీ పంపేది. మొదట్లో నేను ఆ చీటీలో అంకెలే చూసేవాణ్ణి. ఒకరోజు ఆమె స్టేజి మీదికి వచ్చి, ఈ అంకెలు ఇలా ఎందుకున్నాయో నీకు తెలుసుకోవాలని లేదా అని అడిగింది. ఉందన్నాను. ఆ రోజు మొదలు, టీ తాగేటప్పుడు ఒక్కొక్కరి గురించి చెప్పేది.

బాఖ్‌కు పదిహేను, ఇరవై కుర్చీలు చాలు. మధ్యలో హార్ప్‌సికార్డ్ అనే చిన్న వాయిద్యం, చూడటానికి పియానోకు చెల్లెలిలా ఉంటుంది. ఆయన జర్మనీలో ఒక చర్చి ఉద్యోగి. వారం వారం కొత్త పాట కట్టాలి, పిల్లలకు పాఠం చెప్పాలి, ఇంటి నిండా పిల్లలు. నాకు మనుషులు చాలడం లేదు, ఇంతమందితో ఈ పని జరగదు అని ఊరి పెద్దలకు పేద్ద అర్జీ పెట్టుకున్నాడట. అది విన్నప్పుడు అంతటి మనిషికీ మ్యాన్‌పవర్ కష్టాలున్నాయా అని నాకు ఒక్కసారిగా దగ్గరివాడైపోయాడు.

మోజార్ట్‌కు నలభై లోపే. ఆయన కొలువు చేసిన మతాధికారి ఆయనను వంటవాళ్ళ బల్ల దగ్గర కూర్చోబెట్టి అన్నం పెట్టించేవాడు. అతనితో పడక బయటికొచ్చి సొంతంగా బతికాడు. ముప్ఫై అయిదేళ్ళకే పోయాడు. బీథోవెన్ వచ్చేసరికి వెనక వరసలో ట్రోంబోన్లనే పొడుగు ఇత్తడి బాకాలకు చోటు చూడాలి. ఫ్రాన్సులో బెర్లియోజ్ అని, డాక్టరు చదువు వదిలేసి వచ్చినవాడు. వీణలాంటి హార్ప్‌లు ఒకటి కాదు, నాలుగు కావాలంటాడు. ఇక మాహ్లర్. ఆయన పేరు చీటీలో కనబడితే రమోన్ ముందుగా నడుముకు బెల్టు కట్టుకునేవాడు. వంద దాటుతాయి. ఆవుల మెడలో గంటలు, పెద్ద చెక్క సుత్తి, తెర వెనక వేరే బృందం. ఇంత భారీగా రాసిన మనిషి ఏడాదంతా వేరే వాళ్ళ పాటలు నడిపించే డ్యూటీ చేసి, తన సొంతవి ఎండాకాలం సెలవుల్లో ఒక గుడిసెలో కూర్చుని రాసుకునేవాడట.

ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి, డబ్బుకూ మనుషులకూ కరువొచ్చింది. స్ట్రావిన్‌స్కీ అంతకుముందు నేల ఈనినట్టు మనుషులను పెట్టి రాసినవాడే, ఏడుగురికి సరిపోయేది రాశాడు. ఏడు కుర్చీలు వేసి మధ్యాహ్నానికల్లా ఇంటికి వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు.

మీరు కూడా ఇదంతా తెలుసుకోండి. చీటీలో తప్పు పడితే కనిపెట్టగలుగుతారు. ఒకసారి బీథోవెన్‌కు ముందువాడైన హైడన్ సింఫనీ చీటీలో మూడు ట్రోంబోన్లు ఉన్నాయని వెనక్కి పంపాను. ఇల్డికో దిగి వచ్చి, ఇంకో కాగితం కలిసిపోయిందని ఒప్పుకుని, ఆ రోజు టీ తనే పోయించింది.

హార్ప్‌సికార్డ్, నా అబద్ధం

నేను చేరిన రెండో ఏడు సెప్టెంబరులో, బాఖ్ కచేరీ కోసం హార్ప్‌సికార్డ్‌ను ఒక హాలు నుంచి ఇంకో హాలుకు తీసుకుపోవాలి. ఏసీ లారీ వచ్చింది. ముందే ఎక్కించేస్తే రమోన్ మెచ్చుకుంటాడని నేను, ఇంకొకరు కలిసి ఎక్కించేశాం. కాగితాలు పెట్టుకునే స్టాండ్లు వచ్చేదాకా లారీ తలుపు తెరిచే ఉంచాను. మిట్టమధ్యాహ్నం, సెప్టెంబరు ఉక్క. ముప్పావుగంట అలాగే ఉంది.

రిహార్సల్‌లో వాయించే ఆయన ఆ వాయిద్యం మీద చెయ్యి పెట్టగానే వినబడిన శబ్దం సంగీతం రాని నాకు కూడా తేడాగా తోచింది. ఒక తీగ తెగింది. మిగతావి శ్రుతి తప్పాయి. పదహారు మంది కళాకారులు ఖాళీగా కూర్చున్నారు. రమోన్ నన్ను పక్కకు పిలిచి ఏమైందని అడిగాడు. లారీలో ఏసీ సరిగా పనిచేయలేదన్నాను.

ఆయన డ్రైవరుకు ఫోన్ చేశాడు. ఆ డ్రైవరు నెల్లూరు మనిషి, నెమ్మదస్తుడు. ఏసీ బాగానే ఉందని అతను ప్రమాణం చేసి చెబుతుంటే పక్కన నిలబడి వినలేకపోయాను. తలుపు తెరిచింది నేనేనని ఒప్పుకున్నాను. రమోన్ అరవలేదు. శ్రుతి చేసేవాడు వచ్చాక నన్ను అతని పక్కన కూర్చోబెట్టాడు. రెండు గంటలపాటు ఒక్కో తీగా బిగిస్తుంటే కదలకుండా విన్నాను. సగం అయ్యేసరికి ఏ తీగ కుదిరిందో, ఏది కుదరలేదో నా చెవికి తెలియడం మొదలైంది.

వెళ్ళేటప్పుడు రమోన్ ఒక్క మాటే అన్నాడు. "రామ్, తలుపు సంగతి రేపటికి మరిచిపోతాను. డ్రైవరు దగ్గరికి మాత్రం నువ్వే వెళ్ళు." వెళ్ళి క్షమించమన్నాను. "పోనీలే అన్నా, ఈసారి నాకొక్క కేకెయ్యి, నేనే తలుపేస్తా" అన్నాడతను. ఆ తర్వాత పదేళ్ళు మా సామాన్లన్నీ అతని లారీలోనే పోయాయి.

ఈ దేశంలో మీ అసలు శత్రువు బయట ఎండ, లోపల ఏసీ. చెక్కతో చేసినదేదీ ఒకదాని నుంచి ఇంకోదానికి ఉన్నపళంగా మారకూడదు. ఇది మాత్రం కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.

కండక్టర్లనబడే దొరలు

ముందు నిలబడి చేతులు ఊపే కండక్టర్లు చాలామంది వచ్చిపోయారు. ఒకాయన తాను నిలబడే దిమ్మె రెండు అంగుళాలు తక్కువుందని రిహార్సల్ ఆపి అరిచాడు. మేము దాన్ని తీసుకెళ్ళి, ఏమీ చేయకుండా, టీ తాగి, మళ్ళీ తెచ్చి పెట్టాం. ఇప్పుడు సరిగ్గా ఉందన్నాడు. ఇంకొకాయన కచేరీకి గంట ముందు, పాతకాలంలో చేసినట్టు వయొలిన్లు రెండు పక్కలా ఎదురెదురుగా ఉండాలన్నాడు. తిట్టుకుంటూనే మార్చాం. కానీ వాళ్ళు వాయిస్తుంటే పాట ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మాటలాడుకున్నట్టు వినబడింది. ఆయన అడిగింది న్యాయమే అనిపించింది. అరిచేవాళ్ళందరూ చెడ్డవాళ్ళు కారు. ఎందుకు అరుస్తున్నారో ఒక నిమిషం ఆగి చూడండి.

రాజేశం సెలవు

నా పనిలో ఇంతకంటే పెద్ద సంగతి ఇంకోటి లేదు. అందుకే ఇది కొంచెం పొడుగ్గా చెబుతాను.

రాజేశం మా పక్క మండలం వాడు. నా తర్వాత నాలుగేళ్ళకు స్టేజి పనికి వచ్చాడు. మాటలు తక్కువ, చెయ్యి నెమ్మది. మనిషెత్తు వయొలిన్‌లా ఉండే డబుల్ బేస్‌ను పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తేవాడు. మూడేళ్ళుగా ఇంటికి పోలేదు. సెలవు అడగబోయినప్పుడల్లా మా కంపెనీ మేనేజరు, ఇప్పుడు సీజను, తర్వాత చూద్దాం అని పంపించేసేవాడు. ఈలోపు రాజేశానికి కూతురు పుట్టి, పాకి, నడిచి, ఫోనులో "బాపూ" అనడం కూడా మొదలుపెట్టింది. వాడు ఆ పిల్లను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. గట్టిగా అడుగు అంటే భయపడేవాడు. ఉన్నది కూడా పోతదేమో అనేవాడు.

ఆ చలికాలంలో హైడన్ కచేరీ పెట్టారు. అందులో ఒక సింఫనీ చివర్లో వాయించేవాళ్ళు ఒక్కొక్కరే లేచి, తమ దీపం ఆర్పి వెళ్ళిపోవాలట. ఎందుకని ఇల్డికోను అడిగితే చెప్పింది. ఆ కథ జరిగింది వాళ్ళ దేశంలోనే.

హైడన్ ఒక రాజావారి దగ్గర కొలువు. రాజావారి మనుషులు వేసుకునే యూనిఫాం వేసుకోవాలి. రాజావారికి ఊరికి దూరంగా, చిత్తడి నేలల్లో ఒక కొత్త మహలు ఉండేది. ఎండాకాలం అక్కడికి వెళ్ళి, ఒక ఏడాది ఎంతకీ తిరిగి బయల్దేరడు. కళాకారుల పెళ్ళాంబిడ్డలేమో ఊళ్ళోనే ఉండిపోయారు. వాళ్ళంతా హైడన్‌ను పట్టుకున్నారు. హైడన్ రాజుతో వాదన పెట్టుకోలేదు. ఈ సింఫనీ రాశాడు. ఒక్కొక్కరే కొవ్వొత్తి ఆర్పి వెళ్ళిపోగా చివరికి రెండు వయొలిన్లే మిగిలాయి, ఆ తర్వాత అవి కూడా ఆగిపోయాయి. రాజుకు అర్థమైంది. ప్రయాణం కట్టమన్నాడు.

నేను ఈ కథను తెలుగులో చెబుతుంటే రాజేశం చేతిలో పని ఆపేసి విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు. "గా దొరకు నిజంగ సమజైందా అన్నా?"

అయిందట అన్నాను. కాసేపటికి మళ్ళీ వచ్చాడు. "మన మేనేజర్‌ను గీ పాటకు పిలువు."

నవ్వొచ్చింది కానీ వాడు నవ్వడం లేదు. రమోన్‌కు చెప్పాను. ఆయన మేనేజరుకూ, భార్యకూ రెండు మంచి సీట్లు ఇప్పించాడు.

కొవ్వొత్తులకు బదులు స్టాండ్లకు తగిలించే చిన్న దీపాలు వాడాలని నిర్ణయమైంది. వాటికి కావాల్సిన ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఊరి చివర ఏషియన్ టౌన్ బజారులో నేనే కొన్నాను. సర్దేటప్పుడు ఒకటి తక్కువ పడింది. మళ్ళీ అంత దూరం పోవడమెందుకులే అని, చివరిదాకా ఉండాల్సిన రెండు వయొలిన్ల దీపం వైరును కార్పెట్టు కింద నుంచి లాగి డబుల్ బేస్ దగ్గరి బాక్సుకు కలిపాను. రిహార్సల్‌లో ఏ ఇబ్బందీ రాలేదు.

కచేరీలో పాట చివరికొచ్చింది. హాల్లో లైట్లు తగ్గించారు. ఒక ఓబో, ఒక హార్న్, ఊదేవాళ్ళిద్దరూ లేచి దీపాలు ఆర్పి వెళ్ళిపోయారు. జనం నవ్వారు. తర్వాత డబుల్ బేస్ ఆయన వంతు. పెద్దాయన, పొదుపరి. తన దీపంతోపాటు బాక్సు స్విచ్చి కూడా నొక్కి వెళ్ళాడు.

ముందు వరసలో ఆ ఇద్దరి దీపం ఆరిపోయింది.

మొదట జనంలో ఎవరూ గమనించలేదు, పక్కవాళ్ళ దీపాల వెలుతురు పడుతోంది. కానీ ఆ పక్కవాళ్ళు ఒక్కొక్కరే ఆర్పేసి లేచి వెళ్ళిపోవాలి కదా. తెర పక్కన నిలబడి నేను అంతా చూస్తున్నాను. ఏం జరగబోతోందో ఆ హాలు మొత్తంలో నాకొక్కడికే తెలుసనుకున్నాను. ఒక దీపం పోయింది. ఇంకోటి పోయింది. చీకటి వాళ్ళ మీదికి జరుగుతూ వస్తోంది. వంగుని వెళ్ళి స్విచ్చి వేద్దామని ఒక అడుగు వేశాను. రమోన్ వెనక నుంచి నా చొక్కా పట్టుకున్నాడు.

ఆఖరి దీపం ఆరిపోయింది. పూర్తి చీకటి. రెండు వయొలిన్లు మాత్రం ఆగలేదు. సన్నగా, వినబడీ వినబడనట్టు, ఒక పేజీ మొత్తం అలాగే వాయించి ఆపేశాయి. ఆ తర్వాత జనం లేచి నిలబడి కొట్టిన చప్పట్ల లాంటివి అంతకుముందు ఆ హాల్లో నేను వినలేదు.

మొదటి వయొలిన్ ఆమె దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. బేస్ ఆయన లేచినప్పుడే తనకు తెలిసిపోయిందనీ, వెలుతురు ఉన్నంతసేపూ చివరి పేజీని రెండుసార్లు కళ్ళతో చదివేసుకున్నాననీ ఆమె చెప్పింది. కండక్టరేమో ఇకముందు ఎక్కడ చేసినా ఇలాగే చీకట్లో ముగిస్తానన్నాడు. అయినా తప్పు తప్పే. ఒక బాక్సు తక్కువైతే వెళ్ళి కొనుక్కు రండి.

మేనేజరు స్టేజి వెనక్కి వచ్చాడు. చాలా సంతోషంగా ఉన్నాడు. ఆ దీపాల ఐడియా అద్భుతమని నా భుజమూ రాజేశం భుజమూ తట్టి, భార్యను తీసుకుని వెళ్ళిపోయాడు. రాజేశం అలాగే నిలబడ్డాడు.

"దొరకు సమజైంది. గీనకు గాలే" అన్నాడు.

మరునాడు పొద్దున వాణ్ణి తీసుకుని ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఉన్న కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. మేనేజరు మళ్ళీ దీపాల మాట ఎత్తాడు. నేను హిందీలో చెప్పాను. "సార్, నిన్న చూసిన పాట సెలవు కోసం రాసింది. మూడేళ్ళుగా సెలవు లేనివాడు వీడు. వీడి కోసమే మిమ్మల్ని పిలిచాం."

ఆయన నవ్వాడు, కానీ ఎగతాళిగా కాదు. మంచివాడే. అయితే ఆయన బాధ వేరే ఉంది. రాజేశాన్ని పంపిస్తే పని ఎవరు చేస్తారు? ఈ ప్రశ్న వస్తుందని ముందే అనుకున్నాను. ఇల్డికో దగ్గర తీసుకున్న రెండు నెలల చీటీలు ఆయన బల్ల మీద పరిచాను. ఇది మోజార్ట్, మేము ఇద్దరం చాలు. ఇది వివాల్డి, ఒక్కణ్ణే సర్దేస్తాను. ఇది పియానో ఒక్కటే, షోపాన్. ఎనిమిదో వారంలో మాహ్లర్. అప్పటికి రాజేశం లేకపోతే మేము చస్తాం, అంతకుముందు మాత్రం దేనికీ అవసరం లేదు. ఒక్కో కాగితం తీసి చూశాడు. ఇవన్నీ నీకెలా తెలుసని అడిగాడు. తెలుసుకున్నాను సార్ అన్నాను.

"ఆరు వారాలు" అన్నాడు.

రాజేశం తలుపు దాటాక నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బస్సెక్కేదాకా వదలలేదు. ఊరు చేరిన రోజు ఫోన్ చేశాడు. పిల్ల వాణ్ణి చూసి తల్లి కొంగు వెనక దాక్కుందట. రెండో రోజు ఫోన్లో కనబడే బాపు ఏడని వాణ్ణే అడిగిందట. మూడో రోజు భుజమెక్కింది. మాహ్లర్‌కు రెండు రోజుల ముందు తిరిగి వచ్చాడు. ఆ వారం వాడు మోసినట్టు ఎవరం మోయలేదు.

హైడన్ గొప్పవాడే. కానీ ఆయనకు దొరికిన రాజు సంగీతం తెలిసినవాడు. మీ రాజుకు తెలియకపోవచ్చు. మీకు కావాల్సింది నోరు తెరిచి అడగండి. అడిగేటప్పుడు అవతలివాడి ఇబ్బందికి కూడా జవాబు పట్టుకెళ్ళండి.

ముందు సీట్లోంచి

నా ఆఖరి వారం భార్య భాగ్య విజిట్ వీసా మీద వచ్చింది. ఆమె ఖతర్ రావడం అదే మొదటిసారి. చివరి కచేరీ బీథోవెన్‌ది. వెనక పెద్ద గాయకుల బృందం. పొద్దున సర్దడం అయ్యాక రమోన్ నా చేతిలో రెండు టికెట్లు పెట్టి, సాయంత్రం స్టేజి వెనక కనబడ్డావంటే ఊరుకోనన్నాడు. పదహారేళ్ళలో ఒక్క కచేరీ కూడా నేను ముందు నుంచి చూడలేదు. ఎప్పుడూ పక్క నుంచే, డోళ్ళ చప్పుడు ఎక్కువగా, వయొలిన్లు తక్కువగా.

ముందు సీట్లో కూర్చుంటే మొదట పాట చెవికెక్కలేదు. వయోలాల వరసలో ఒక కుర్చీ కొంచెం వంకరగా కనబడి లేవబోయాను. భాగ్య మోకాలి మీద చెయ్యేసి, "కూసో, గాయన మంచిగనే కూసున్నడు" అంది. కూర్చున్నాను. అప్పటినుంచి విన్నాను. పక్కన ఉన్నప్పుడు విడివిడిగా వినబడేవన్నీ ఇక్కడ ఒక్కటిగా వస్తున్నాయి. గాయకులు లేచి నిలబడేసరికి భాగ్య ముందుకు వంగింది.

అయ్యాక బయట మెట్ల మీద కూర్చున్నాం. గాలి చల్లగా ఉంది. ఇది కట్టినాయనకు అప్పటికి చెవులు పూర్తిగా వినబడవని చెప్పాను. నమ్మలేదు. నిజమేనన్నాను. మొదటిసారి దీన్ని వాయించినప్పుడు ఆయన స్టేజి మీదే, జనానికి వీపు పెట్టి నిలబడ్డాడట. పాట అయిపోయి జనం చప్పట్లు కొడుతుంటే ఆయనకు వినబడలేదు. అప్పుడు పాడినవాళ్ళలో ఒక అమ్మాయి వచ్చి, ఆయనను పట్టుకుని జనం వైపు తిప్పిందట. అప్పుడు చూశాడు. ఇల్డికో ఇలాగే చెప్పింది.

పాట ఎలా ఉందని భాగ్యను అడిగాను.

"అందరు పాట దిక్కు జూస్తుంటే, గా పొల్ల మనిషి దిక్కు జూసింది" అంది. "గా పొల్ల పేరేంది?"

నాకు తెలియదు. ఇంతమంది పేర్లు నేర్చుకుని ఆ పేరు ఎప్పుడూ అడగలేదు. రేపు పొద్దున ఇల్డికోను అడుగుతానని చెప్పి, భాగ్యకు చెయ్యి అందించి మెట్లు దించాను.